కెమెరా సరిగ్గా చూపిస్తోందని కంప్లైంట్

నాకు తెలియని విషయం ఒకటి ఈ భూమ్మీద ఉండొచ్చని నాకింకా అనుమానం రాని రోజులవి. వయసు ఇరవై రెండు. వేలూరులో ఒక కార్ల షోరూములో, యాక్సెసరీల కౌంటర్ వెనక, ట్రైనీగా నిలబడి ఉండేవాణ్ణి. (నిలబడి అనే మాట ఊరికే రాయలేదు. ట్రైనీలకు కుర్చీ ఇవ్వరు. ఆర్నెల్లు గడిచి ఉద్యోగం పర్మనెంటయితేనే కుర్చీ.) కొత్త కారు కొన్నవాళ్లకు సీటు కవర్లు, టచ్ స్క్రీన్లు, వెనక కెమెరాలు అంటగట్టడం నా పని. "బయట వేయించుకుంటే వారంటీ పోతుంది సార్" అనే ఒక్క వాక్యాన్ని తమిళంలో, తెలుగులో, అవసరమైతే ఉర్దూలో కూడా కళ్లు తడి చేసుకుని చెప్పగలిగేవాణ్ణి. వస్తువును డబ్బాలోంచి తీసి కారులో బిగించడం మాత్రం నా పని కాదు, అది వెనక షెడ్డులో కరెంటన్న పని. (ఆయనకు అసలు పేరు ఒకటి ఉండేది. జీతం రోజు తప్ప ఎవరికీ గుర్తు రాదు.) అయినా ఒక వస్తువు గురించి రోజుకు పదిసార్లు మాట్లాడేవాడికి దాన్ని బిగించడం కూడా వచ్చేసినట్టే ఉంటుంది, పెళ్లిళ్ల పేరయ్యకు కాపురాల గురించి అంతా తెలిసినట్టు.

ఈ పరిస్థితిలో గుడియాత్తంలో మా మామ కారు కొన్నాడు. మామ అంటే అమ్మకు అన్న, వృత్తి నేత. లుంగీలతో మొదలుపెట్టి బుటా చీరలదాకా ఎక్కిన చెయ్యి. నలభై ఏళ్లు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని తల వంచి కూర్చోవడం వల్ల ఆయన మెడ ఒక దిక్కుకు స్థిరపడిపోయింది. ఎడమకు కొంచెం తిరుగుతుంది, కుడికి తిరగనంటుంది, వెనక్కి అనే మాటే దానికి తెలియదు. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే మామ మనిషి మొత్తంగా తిరిగేవాడు, బస్టాండులో బస్సు తిరిగినట్టు. అలాంటి మనిషి యాభై అయిదో ఏట డ్రైవింగు నేర్చుకుని, లైసెన్సు సంపాదించి, మా షోరూములోనే అన్నిటికన్నా కింది మోడల్ కొన్నాడు. అందులో పాటలు లేవు, స్క్రీను లేదు, కెమెరా లేదు. చక్రాలు నాలుగూ ఇచ్చారు.

చిక్కంతా ఆయన వీధితో వచ్చింది. మామ ఇల్లు నేతవీధి కొసన ఉంది. వీధి అక్కడితో ఆగిపోతుంది. కారు లోపలికి ముందుకు పోవచ్చుగాని బయటికి మాత్రం వెనక్కే రావాలి, తిప్పుకోవడానికి చోటు లేదు. పైగా పొద్దున పూట ఆ వీధిలో పడుగులు పరుస్తారు. వేల పోగుల నూలును వీధి పొడవునా కర్రలమధ్య బిగించి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. ఒక పక్క పడుగు, ఇంకో పక్క ఇళ్ల అరుగులు, ఆ మధ్య సందులో మెడ తిరగని మనిషి కారును వెనక్కి నడపాలి. కంపెనీవాడు పెట్టిన సెన్సారు కీచుమంటుంది, నిజమే. కానీ అది గోడను పసిగడుతుంది, నూలుపోగును పసిగట్టదు. (మామకు దాని కూత వినిపించేదీ కాదు. నలభై ఏళ్లు మగ్గం మోత విన్న చెవులకు కీచు అనేది శబ్దం కిందికి రాదు.) కారు వచ్చిన రెండో వారంలోనే మామ వెనక్కి వస్తూ ఎదురింటి పెద్దాయన పడుగులోకి బంపరు దూర్చాడు.

నేతవీధిలో పడుగు తెంపడం చిన్న నేరం కాదు. మనిషిని గుద్దితే ఆసుపత్రివాళ్లు చూసుకుంటారు. పోగులు తెగితే ఒక్కొక్కటీ మనమే అతకాలి. మామ రెండు రోజులు ఎదురింటి ముందర గొంతుకూర్చుని తెగిన పోగులన్నీ అతికి, ఆ పెద్దాయన కోపాన్ని మాత్రం అతకలేక ఇంటికొచ్చాడు. ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. మా అత్త అన్నం వడ్డిస్తూ, ఎక్కడా గొంతు పెంచకుండా, తీర్పు చెప్పింది.

"ఇంగొక్క పోగు తెగిందంటే కారు బ్రోకరుకు ఇచ్చేస్తా. చెప్తా ఉండా, తర్వాత చెప్పలేదనొద్దు."

"తెగితే అతకలేదా నేను?"

"నువ్వు పోగు అతుకుతావయ్యా. వీధిలో నా మొగం యాడ పెట్టుకునేది?"

మామ కాసేపు అన్నం కలిపాడు. తర్వాత ఆవిడతో కాదు, నాతో అన్నాడు. "నలభై ఏండ్లు కూచున్న చోటే కూచునుంటిని రా. ఇప్పుడు కూచుంటే ఊర్లు కదలతా ఉండాయి. అదొక్కటే నేను ఆశపడింది."

ఈ మాటకు ఎవరైనా కరగాలి. నేను కరిగి, వెంటనే కొటేషన్ తెచ్చాను. షోరూములో టచ్ స్క్రీనూ వెనక కెమెరా బిగించడానికి అయ్యే మొత్తం చూసి మామ కాగితాన్ని తిప్పి వెనకపక్క కూడా చూశాడు, అక్కడేమైనా తగ్గింపు రాశారేమోనని.

"కారుకు కన్ను పెట్టేదానికి ఇంతా? మా అత్తగారికి రెండు కండ్ల ఆపరేషనూ ఇంతకన్నా తక్కువకు చేసినారే."

"నేను వేస్తా మామా," అన్నాను. ఎవరూ అడగలేదు. నోరే ముందుకెళ్లింది.

"బయట వేస్తే వారంటీ పోతుందని నువ్వే కదరా అందరికీ చెప్తావు?"

"అది కస్టమర్లకు మామా. మనకు కాదు."

ఆదివారం పొద్దున, బజారులో చౌకగా కొన్న స్క్రీనూ కెమెరా ఉన్న డబ్బా చంకన పెట్టుకుని గుడియాత్తం బస్సు దిగాను. డబ్బాలో ఒక కాగితం ఉంది. ఒక పక్క చైనా భాష, ఇంకో పక్క ఇంగ్లీషులా కనిపించే మరేదో భాష. దాన్ని గౌరవంగా మడిచి జేబులో పెట్టి ఫోనులో వీడియో పెట్టుకున్నాను. వీడియోలో కారు వేరు, మాట్లాడే భాష మలయాళం, కానీ ఆయన ధైర్యం మాత్రం నా ధైర్యం లాగే ఉంది. ముందరి ప్లాస్టిక్ పలక ఊడదీశాను. లోపల వైర్లు బయటపడ్డాయి. వీడియోలో ఆయన ఎరుపుకు ఎరుపు, పసుపుకు పసుపు అంటున్నాడు. ఇక్కడ స్క్రీను వైపు ఎరుపు ఉంటే కారు వైపు ఎరుపు లేదు, కారు వైపున్న ఊదా స్క్రీను వైపు లేదు. ఎక్స్‌రే చూసే డాక్టరులా ముఖం పెట్టి పది నిమిషాలు అలాగే కూర్చున్నాను. మామ వచ్చి పక్కన గొంతుకూర్చున్నాడు.

"ఏమి నాయనా, దిక్కు తెలియలేదా?"

"రంగులు కుదరలేదు మామా."

"రంగు చూస్తే యాడ కుదురుతుంది? పాత పడుగు పచ్చది, కొత్త పడుగు ఎర్రది. రంగు కుదిరేవరకూ కాచుకోనుంటే నేసేదెప్పుడు, తినేదెప్పుడు? వరస చూడల్ల. ఎడమ మొదటి పోగుకు ఎడమ మొదటి పోగు, రెండోదానికి రెండోది. అంతే."

నేత తెలియనివారికి చెప్పాలి. మగ్గం మీద ఒక పడుగు అయిపోవస్తే, కొత్త పడుగు పోగులను పాత పడుగు కొసలకు ఒక్కొక్కటిగా మెలితిప్పి అతుకుతారు. వేల పోగులు, వరస తప్పదు. వరస తప్పితే చీర తప్పుతుంది. అంత పురాతనమైన, అంత నమ్మకమైన పద్ధతి ముందు నా మలయాళం వీడియో ఏపాటిది? సరే కానీ అన్నాను. మామ అలవాటుగా వేళ్లకు బూడిద రాసుకుని, పన్నెండు వైర్లనూ పన్నెండు వైర్లకు వరసగా మెలితిప్పి, ఒక్కో అతుకుమీదా నూలుదారం చుట్టి ముడివేశాడు. నేను పట్టుబట్టి పైన టేపు వేయించాను (సాంకేతిక పర్యవేక్షణ అంటారు దీన్ని). అంత అందంగా చేసిన తప్పు పనిని నేను మళ్లీ చూడలేదు.

కెమెరా మాత్రం పూర్తిగా నా చేతిపని. దాని వైరులోంచి ఒక చిన్న ఆకుపచ్చ తీగ బయటికొచ్చి, వంకర తిరిగి, మళ్లీ అదే వైరులోకి దూరిపోయింది. ఎక్కడికీ పోదు, ఎక్కడినుంచీ రాదు. కొంచెంసేపు దాన్ని చూసి, ఫ్యాక్టరీవాడు కత్తిరించడం మరిచిపోయిన చెత్త అని నిర్ణయించాను. మామ జేబులో ఎప్పుడూ ఉండే చిన్న కత్తెర తీసుకుని టప్పున తెంపేశాను. ఎందుకు తెంపావని ఎవరూ అడగలేదు. నమ్మకంగా పనిచేసేవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు, లోకంలో చాలా నష్టాలకు ఇదే కారణం.

తాళం తిప్పాం. స్క్రీను నల్లగా చూసింది. మేం దాన్ని చూశాం.

"కన్ను తెరవలేదే," అంది అత్త అరుగుమీదనుంచి.

మామ ఏం చేయాలో తోచక స్టీరింగు పక్కనున్న మీటను అటూ ఇటూ తిప్పాడు. హెడ్‌లైట్లు వెలిగాయి. హెడ్‌లైట్లతోపాటు స్క్రీనూ వెలిగింది. లైట్లు ఆర్పితే స్క్రీనూ ఆరింది. మళ్లీ వేస్తే మళ్లీ వచ్చింది. వరస చూసి అతికిన పుణ్యాన, తాళం తిప్పితే కరెంటు రావాల్సిన తీగకు లైట్ల కరెంటు వచ్చిందని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు తెలియలేదు, అందుకే వెంటనే వివరించాను.

"సేఫ్టీ కోసం మామా. కొత్త కార్లన్నీ ఇంతే."

తర్వాత రివర్సు గేరు వేశాడు. తెరమీద వీధి కనిపించింది. కారుకు వెనక కుడిపక్కనున్న అరుగు తెరమీద ఎడమపక్క ఉంది. ఎడమపక్కనున్న ఎదురింటి గోడ కుడిపక్క ఉంది. ఆ ఆకుపచ్చ తీగ చెత్త కాదనీ, అద్దంలో చూసినట్టు కుడిని కుడిగా ఎడమను ఎడమగా చూపించమని కెమెరాకు చెప్పేది అదేననీ ఆ క్షణంలో నాకు అర్థమైంది. ఒప్పుకోవడానికి ఒక మంచి వాక్యం వెతుక్కుంటూండగానే మామ కారును వెనక్కి పోనిచ్చాడు. వీధి మొత్తం, ఈ కొసనుంచి ఆ కొసకు, గీత గీసినట్టు. నేను పరుగెత్తుకుంటూ వెళ్లాను.

"మామా, ఎడమా కుడీ కొంచెం..."

"తిరగబడి ఉండాయి. తెలుసు."

"కష్టం కాలేదా?"

"దానికేమి కష్టం రా? బుటా చీరను మొగం కిందికి పెట్టి కదా నేసేది. నాకు కనపడేది ఎప్పుడూ అడుగుపక్కే. ఎడమ చూసి కుడి అనుకునేది నలభై ఏండ్లుగా నా పని. ఈ కంపెనీవాడెవడో నేతోళ్లను అడిగి చేసినట్టుండాడు."

కంపెనీవాడి తరపున ఆ మెచ్చుకోలును నేను స్వీకరించాను.

తర్వాత మూడు నెలలు మామ జీవితంలో స్వర్ణయుగం. పొద్దునే పడుగు పక్కనుంచి జానెడు ఎడంతో వెనక్కి వచ్చేసేవాడు. ఎదురింటి పెద్దాయన కుంచె పట్టుకుని కాపలా నిలబడి, రోజూ నిరాశపడి ఇంట్లోకి పోయేవాడు. స్క్రీను కావాలంటే లైట్లు వేయాలి కాబట్టి మామ మిట్టమధ్యాహ్నం కూడా హెడ్‌లైట్లతోనే తిరిగేవాడు. మన రోడ్లమీద పగటిపూట లైట్లు వెలుగుతుంటే ఎదురొచ్చేవాడు ఊరుకోడు కదా. లైట్లు ఆర్పుకోమని గుప్పిట మూసి తెరిచి సైగ చేస్తాడు. గుడియాత్తంనుంచి లత్తేరి దాటేలోపల లారీలు, బస్సులు, పాలబండ్లు అన్నీ మామకు గుప్పిట మూసి తెరిచేవి.

"కారుంటే మర్యాదే వేరే రా," అన్నాడొకసారి, తనూ ప్రతి ఒక్కరికీ గుప్పిట మూసి తెరుస్తూ. "మగ్గం మింద కూచున్నప్పుడు ఒగడన్నా పలకరించినాడా?"

"ఎవురో తెలియనోళ్లంతా చెయ్యాడిస్తా ఉండారు," అంది అత్త వెనక సీట్లోంచి అనుమానంగా. ముందర కూర్చుంటే రోడ్డు కనిపిస్తుందని ఆవిడ ఎప్పుడూ వెనకే కూర్చునేది. ఆ మర్యాద సంగతి నేను సరిదిద్దలేదు. సంతోషంగా ఉన్న మనిషికి ట్రాఫిక్ పాఠాలు చెప్పడం నా స్వభావం కాదు.

అప్పుడొచ్చింది ఫ్రీ సర్వీసు. కారును మా షోరూముకే తీసుకురావాలి. నా ఆర్నెల్ల గడువుకు సరిగ్గా వారం ఉంది. "సర్వీసుకు ఇప్పుడేం తొందర మామా, ఆయిలే కదా, నేనే మార్చేస్తా" అని ఫోనులో చెప్పి చూశాను. మామ ఒకే ఒక్క మాటన్నాడు, "ఫ్రీ కదరా." ఆ మాటకు జవాబు నాకు వచ్చిన మూడు భాషల్లోనూ లేదు.

మామా అత్తా ఇద్దరూ వచ్చారు. అత్త పెరుగన్నం డబ్బా కూడా తెచ్చింది, కారును ఆసుపత్రిలో చేర్పించి పక్కన ఉండటానికి వచ్చినట్టు. నేను కౌంటర్ వెనక ఎంత చిన్నగా నిలబడినా ప్రయోజనం లేకపోయింది. వెయిటింగు హాలులో కూర్చున్న పదిమందికీ అత్త నన్ను చూపించి, "అదో, మా ఆడబిడ్డ కొడుకు. కారులో టీవీ పెట్టినాడు చూడు, వాడే" అని చెప్పేసింది. ఆ పదిమంది వెనక మా మేనేజరు నిలబడి ఉన్నాడు. (వేలూరు ఎండలో కూడా మెడకు టై కట్టుకునే ధీరుడు. మేం టై సార్ అనేవాళ్లం.) ఆయన నావైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లాడు.

షెడ్డులో కరెంటన్న మీటరు పెట్టి చూసి, పలక ఊడదీశాడు. తర్వాత నన్ను పిలిపించాడు.

"తంబీ, ఇదు యారు సెంజదు?" అన్నాడు. ఎవరు చేశారిది అని. రాతిస్తంభం ముందు నిలబడి శిల్పి పేరు అడిగే గొంతు అది. వెంటనే తెలుగులోకి దిగాడు. "ఈ ముడి పట్టుకోని లాగితే కారు వస్తాది గాని ముడి రాదప్పా. పని బంగారం. అంతా తప్పు."

కరెంటన్న మంచివాడు. నా మామ అని తెలిసి, బిల్లు లేకుండా, తన భోజనం మానుకుని అన్నీ విప్పి ఏ తీగకు ఏది కావాలో దానికే కలిపాడు. లైట్లు లేకుండానే స్క్రీను వెలిగింది. వెనక కెమెరా కూడా ఊడదీసి, నేను తెంపిన ఆకుపచ్చ తీగను మళ్లీ అతికి, కుడిని కుడివైపూ ఎడమను ఎడమవైపూ పెట్టాడు. "రంగు చూడల్ల తంబీ, వరస కాదు," అన్నాడు. నా చిరకాల అభిప్రాయం కూడా అదేనన్నట్టు తలూపాను.

ఇంత మంచి జరిగిన విషయం మామకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఒక మనిషి దగ్గరికెళ్లి, అయ్యా ఇకనుంచి మీ ఎడమ ఎడమే అని ఎవరు చెబుతారు? మామ సంతకం పెట్టి, అత్తను వెనక సీట్లో కూర్చోబెట్టి, మూడు నెలల అనుభవంతో ధీమాగా రివర్సు వేశాడు. షోరూము ముందర వరసగా క్రోటన్ కుండీలుంటాయి. అవి కారుకు కుడిపక్క ఉన్నాయి, తెరమీదా కుడిపక్కే కనిపించాయి. అంటే ఎడమపక్క ఉన్నాయని మామ లెక్క వేసుకుని, వాటిని తప్పించడానికి బండిని కుడికి తిప్పాడు. సెన్సారు కీచుమంది. మూడు కుండీలు ఒకదాని తర్వాత ఒకటి, తొందరపడకుండా, పడిపోయాయి.

అత్త కారు దిగింది. అరవలేదు. డ్రైవరు కిటికీ దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. మామ తాళం తీసి ఆ చేతిలో పెట్టాడు. కిందికి దిగి, రెండు చేతులూ ఏం చేయాలో తెలియనట్టు వేలాడదీసి నిలబడ్డాడు.

"పోగు తెగలేదు కదా, కుండీలే కదా," అన్నాడు మెల్లగా.

"ఈడ కుండీలు. రేపు ఆడ పడుగు."

మామ తిరిగి కారును చూశాడు, మనిషి మొత్తంగా తిరిగి. నాకు అంతవరకూ నవ్వుగానే ఉంది, నిజం చెప్పాలంటే. అప్పుడు ఆగిపోయింది.

నేను కరెంటన్న దగ్గరికి పరుగెత్తాను. అన్నా, కెమెరాను ముందున్నట్టే పెట్టెయ్, మళ్లీ తిరగెయ్ అన్నాను. ఆయన చేతులు తుడుచుకుని చెప్పాడు, తప్పుగా ఉన్నదాన్ని సరిచేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు గాని, సరిగ్గా ఉన్నదాన్ని తప్పు చేయాలంటే జాబ్ కార్డు కావాలని. జాబ్ కార్డు కంప్యూటరు ముందు టై సారే కూర్చుని ఉన్నాడు.

"కంప్లైంట్ ఏమిటి?" అన్నాడు వేళ్లు మీటలమీద పెట్టి.

"కెమెరా సరిగ్గా చూపిస్తోంది సార్."

ఆయన 'సరిగ్గా' దాకా కొట్టి ఆగాడు. "చూపించడం లేదా?"

"చూపిస్తోంది సార్. అదే కంప్లైంట్."

టై సార్ స్క్రీనుమీద లిస్టు మొత్తం వెతికాడు, పాపం. చల్లగాలి రాకపోతే, బ్రేకు పడకపోతే, తలుపు మోత చేస్తే ఏం రాయాలో అందులో ఉంది. వస్తువు సరిగ్గా పనిచేసి మనిషిని ఇబ్బంది పెడితే ఏం రాయాలో ఎక్కడా లేదు. చివరికి కుర్చీ వెనక్కి జరిపి అడిగాడు.

"మొదట దీన్ని ఎవరు ఫిట్ చేశారు?"

బయటెక్కడో చేయించుకున్నారట సార్ అనే వాక్యం నాలుక కొసన సిద్ధంగా ఉంది. అద్దంలోంచి బయట మామ కనిపిస్తున్నాడు, పడిన కుండీలను ఒక్కొక్కటిగా లేపి, మట్టి ఎత్తి పోస్తూ.

"నేనే సార్. వైర్లు మామ, కెమెరా నేను."

"బయట వేయిస్తే వారంటీ పోతుందని రోజూ చెప్పేది నువ్వే కదా?"

"అవును సార్. చాలా బాగా చెప్తాను."

టై సార్ మెడ దగ్గర టై కొంచెం వదులు చేసుకున్నాడు. అది నేను మొదటిసారి చూడటం. "రేపు పొద్దున నా రూముకు రా," అన్నాడు.

"రేపు లీవు కావాలి సార్. గుడియాత్తంలో ఒక తీగ తెంపాలి."

ఆయన లీవు ఇచ్చాడో ఇవ్వలేదో నాకు ఇప్పటికీ తెలియదు, నేను వెళ్లిపోయాను. కెమెరా తీగ సంగతి మామకూ అత్తకూ ఒప్పుకుని, కారు నేనే నడిపాను. దారిలో ఒక్క లారీవాడు కూడా గుప్పిట తెరవలేదు. మామ అది గమనించి, తన పదవి పోయిన సంగతి అప్పుడే ఊరంతా తెలిసిపోయిందన్నట్టు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఇల్లు చేరాక ఇంకా వెలుతురుండగానే వీధిలో బోర్లా పడుకుని కెమెరా విప్పి, ఆ ఆకుపచ్చ తీగను రెండోసారి తెంపాను. ఈసారి తెలిసి తెంపాను. అత్త పైనుంచి షరతు చెప్పింది.

"రేపు పొద్దున పడుగు పరిచినాక తియ్యల్ల. ఎదురింటాయన చూస్తా ఉండంగా. ఒక్క పోగు తెగినా మధ్యాన్నానికి బ్రోకరు ఈడ ఉంటాడు. ఇద్దరికీ చెప్తా ఉండా."

పొద్దున పడుగు పరిచారు. ఆ రోజు కావాలని ఇంకొంచెం ఇవతలికి పరిచారేమో అని నా అనుమానం. ఎదురింటి పెద్దాయన గంజికుంచె పట్టుకుని సాక్షిలా నిలబడ్డాడు. వీధిలోవాళ్లంతా అరుగులమీద ఏదో పని కల్పించుకుని కూర్చున్నారు. అత్త మామ చేతికి తాళం ఇచ్చి అరుగుమీదే నిలబడింది. నేను కారు వెనక నిలబడి రైట్ రైట్ చెబుతానన్నాను.

"నువ్వు పక్కకు పో నాయనా," అన్నాడు మామ. "నీ చేతులు చూస్తే నేరుగా పడుగులోకే పోతా."

కారు కదిలింది. మామ మెడ తిప్పలేదు, చూపు తెరమీదనుంచి తీయలేదు. సగం వీధి వచ్చాక పక్క అద్దం పడుగు అంచును తాకింది. తాకిన చోటే కాదు, వీధి పొడవునా ఉన్న నూలంతా ఒక్కసారి సన్నగా వణికింది. పెద్దాయన కుంచె గాల్లోనే ఆగిపోయింది. మామ బ్రేకు వేశాడు. అరుగుమీద అత్త కొంగు కొస నోటికి అడ్డం పెట్టుకుంది. మామ కొంచెంసేపు తెరలోకి చూశాడు, మగ్గంమీద తప్పు వెతుకుతున్నప్పుడు చూసినట్టు. తర్వాత స్టీరింగును ఒక రవ్వంత తిప్పి, వెనక్కి కాదు, గోరంత ముందుకు పోనిచ్చాడు. అద్దంమీదనుంచి పోగులు ఒకటొకటిగా జారి తమ చోటికి పోయాయి. అక్కడినుంచి పెద్దరోడ్డుదాకా కారు మళ్లీ ఆగలేదు.

పెద్దాయన ఈ కొసనుంచి ఆ కొసకు పడుగు వెంబడి నడిచాడు, పరీక్ష పేపర్లు దిద్దే అయ్యవారిలా. మళ్లీ తిరిగొచ్చాడు.

"ఒగటీ తెగలా," అన్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయన పడ్డ బాధ అంతా ఇంతా కాదు. రాత్రంతా వేరే మాటలు తయారుచేసుకుని ఉంటాడు.

అత్త అరుగు దిగి, వీధంతా నడిచి, పెద్దరోడ్డుమీద ఆగిన కారు దగ్గరికి పోయింది. వెనక తలుపు మీద చెయ్యి వేసి, తీసేసి, ముందు తలుపు తెరిచి మామ పక్కన కూర్చుంది.

"పరదరామికి పోదాం పద. మా అక్క ఇంగా కారే చూడలేదు."

మామ గేరు వేశాడు. కారు చిత్తూరు దారి పట్టింది. నన్ను ఎక్కించుకోవాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. గ్రీజు చేతులతో వీధి మధ్య నిలబడి, పడుగుకు తగలకుండా పక్కకు ఒదిగి నడిచి, వేలూరు బస్సు ఎక్కాను.

టై సార్ నన్ను తీసేయలేదు. ట్రైనింగు ఇంకో మూడు నెలలు పొడిగించాడు, అందులో ఒక నెల షెడ్డులో కరెంటన్న కింద. అక్కడ నేను రంగులు నేర్చుకున్నాను. ఇది జరిగి ఆరేళ్లయింది. ఇప్పుడు ఏ కింది మోడల్లోనైనా స్క్రీను కంపెనీయే పెట్టి పంపుతోంది, నా కౌంటర్లో సీటు కవర్లూ మ్యాట్లే మిగిలాయి. నాకూ ఒక కారుంది. పోయిన నెల దాని వైపరు రబ్బరు చిరిగింది. రెండు నిమిషాల పని, స్క్రూడ్రైవరు కూడా అక్కర్లేదు. మా షెడ్డులోనే ఇచ్చి, టోకెన్ తీసుకుని, కస్టమర్లు కూర్చునే చల్లగదిలో మెషీను కాఫీ తాగుతూ అరగంట కూర్చున్నాను. అప్పుడనిపించింది, ఆ ఇరవై రెండేళ్లవాడు ఇప్పుడు ఈ అద్దం తలుపు అవతల నిలబడి చూస్తే, "దీనికి కూడానా అన్నా?" అంటాడని. దీనికి కూడా తమ్ముడూ, నాకిప్పుడు చాలా తెలుసు, అంటాను నేను. వాడు వినిపించుకోడు. వాడప్పటికే వైపరు మార్చేసి, నన్ను అడగకుండా, ఇంకేదో విప్పడం మొదలుపెట్టి ఉంటాడు.